లోహం కోసే గుండ్రటి బ్లేడు: ఎంచుకోవడం నుంచి సాన పట్టించడం దాకా

చాప్ సా (పై నుంచి కిందికి దించి లోహాన్ని కోసే యంత్రం) మీద అరిగిపోయిన కటింగ్ వీల్ (పళ్లు లేకుండా రాపిడితో కోసే చక్రం) తీసేసి, ఆ స్థానంలో పళ్ల బ్లేడు బిగించాలనిపించడం సహజం. రెండింటి వ్యాసమూ 355 మి.మీ., రెండింటి నడిమి రంధ్రమూ 25.4 మి.మీ. ఎక్కడా ఇరుకు లేకుండా అమరిపోతుంది. అలా అమరిపోవడంలోనే ముప్పు ఉంది. కటింగ్ వీల్ కోసం చేసిన యంత్రం నిమిషానికి దాదాపు 3,800 నుంచి 4,000 చుట్లు తిరుగుతుంది. ఉక్కును పొడిగా కోసే విడియా (టంగ్‌స్టన్ కార్బైడ్) పళ్ల బ్లేడును సాధారణంగా 1,300 నుంచి 1,500 చుట్లు తిరిగే యంత్రం కోసం తయారుచేస్తారు. అంతకు రెండున్నర, మూడింతల వేగంలో ఒక్క పన్ను ఊడినా అది తుపాకీ గుండులాగే వస్తుంది.

అందుకే ముందు మీ యంత్రం పేరుపలక మీద ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఎంత ఉందో చదివి కాగితం మీద రాసుకోండి. ఏ బ్లేడు కొనాలి, ఎన్ని పళ్లుండాలి, ఏ లోహాన్ని ముట్టుకోవచ్చు అన్నవన్నీ ఆ అంకెను బట్టే తేలతాయి.

1. మూడు రకాల బ్లేడ్లు

మొదటిది హైస్పీడ్ స్టీల్ బ్లేడు. వర్క్‌షాపుల్లో హెచ్ఎస్ఎస్ అంటారు. పేరులో 'హైస్పీడ్' ఉన్నా ఇది చాలా నెమ్మదిగా తిరగాల్సిన బ్లేడు. ఈ ఉక్కు వచ్చిన 1900 ప్రాంతంలో, అంతకుముందున్న కార్బన్ స్టీల్ పనిముట్లతో పోలిస్తే ఇది వేగంగా కోసేది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాటితే దీని గట్టిదనం పోతుంది. కాబట్టి తక్కువ ఆర్‌పీఎం ఉన్న కోల్డ్ సా (నెమ్మదిగా, వేడెక్కకుండా కోసే యంత్రం) మీద, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) పారుతుండగా వాడాలి. కోసిన ముఖం నునుపుగా, లంబంగా వస్తుంది. ముక్కను వెంటనే చేత్తో పట్టుకునేంత చల్లగా ఉంటుంది. కొలత ముఖ్యమైన పనికి నా మొదటి ఎంపిక ఇదే.

రెండోది ఉక్కు చక్రం అంచున టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు అతికించిన బ్లేడు. వీటిని మనం విడియా పళ్లంటాం. 1920లలో జర్మనీలోని క్రుప్ సంస్థ ఈ పదార్థాన్ని ఆ పేరుతో అమ్మింది. 'వజ్రంలాంటిది' అని చెప్పే జర్మన్ మాటల నుంచి కూర్చిన పేరు అది. వజ్రమంత కాకపోయినా హెచ్ఎస్ఎస్ కంటే ఎంతో ఎక్కువ గట్టిదనం, హెచ్ఎస్ఎస్ తట్టుకోలేని వేడికి ఓర్పు దీనికి ఉన్నాయి. పెళుసుతనం కూడా ఉంది. దెబ్బ తగిలితే చిట్లుతుంది. కూలెంట్ లేకుండా, ఓ మోస్తరు వేగంతో ఉక్కు పైపులు, యాంగిళ్లు ('ఎల్' ఆకారపు కడ్డీలు) కోయడానికి ఇది చక్కగా పనిచేస్తుంది.

మూడోది పళ్లే లేని కటింగ్ వీల్. అల్యూమినియం ఆక్సైడ్ లేదా జిర్కోనియా రేణువులను రెసిన్‌తో కలిపి, లోపల గాజునార వల పెట్టి చేస్తారు. ప్రతి రేణువూ ఒక చిన్న పన్నే. మొద్దుబారిన రేణువు రాలిపోతే దాని వెనుక కొత్తది బయటపడుతుంది. అందుకే వీల్ రోజురోజుకూ చిన్నదవుతుంది. నిప్పురవ్వలు, దుమ్ము, కాలిన అంచు దీనితో తప్పవు. కానీ గట్టిపరిచిన ఉక్కును, వెల్డింగ్ అతుకులను, పాత తుప్పు సామగ్రిని కోయాల్సి వస్తే పళ్ల బ్లేడును పాడుచేసుకోకుండా దీన్నే వాడండి.

2. వేగం లెక్క

బ్లేడు అంచు నిమిషానికి ఎన్ని మీటర్లు లోహం మీదుగా సాగుతుందో అదే కోత వేగం. ఆ మీటర్లను 1,000తో గుణించి, 3.14తోనూ మిల్లీమీటర్లలో ఉన్న బ్లేడు వ్యాసంతోనూ భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది.

హెచ్ఎస్ఎస్ బ్లేడుతో మైల్డ్ స్టీల్ (కార్బన్ తక్కువగా ఉండే మామూలు ఉక్కు) కోయడానికి నిమిషానికి 25 నుంచి 30 మీటర్లు సరైన వేగం. బ్లేడు 250 మి.మీ. అయితే, 30 మీటర్ల వేగానికి లెక్క 38 ఆర్‌పీఎం దగ్గర తేలుతుంది. నిమిషానికి 38 చుట్లు అంటే కంటితో లెక్కపెట్టగలిగినంత నెమ్మది. మొదటిసారి చూసినవారికి యంత్రంలో లోపముందేమో అనిపిస్తుంది. లోపమేమీ లేదు, అదే దాని నడక. స్టెయిన్‌లెస్ స్టీల్‌కు ఇంకా తగ్గించి 10 నుంచి 20 మీటర్లలో ఉంచాలి. అల్యూమినియానికి మాత్రం వందల మీటర్లకు పోవచ్చు.

విడియా పళ్ల 355 మి.మీ. బ్లేడు 1,300 ఆర్‌పీఎంలో తిరిగితే అంచు వేగం నిమిషానికి 1,450 మీటర్లవుతుంది. హెచ్ఎస్ఎస్ వేగానికి ఇది దాదాపు 50 రెట్లు. ఒకదాని యంత్రం మీద మరొకటి ఎందుకు బతకదో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

కటింగ్ వీల్‌కు లెక్క సెకన్లలో ఉంటుంది. చాలా కటింగ్ వీల్స్ మీద సెకనుకు 80 మీటర్లు అని గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది. 355 మి.మీ. వీల్‌కు అది సుమారు 4,300 ఆర్‌పీఎం, 125 మి.మీ. వీల్‌కు 12,200. ఇప్పుడు 11,000 ఆర్‌పీఎం ఉన్న చిన్న గ్రైండర్ గార్డు ఊడదీసి 180 మి.మీ. వీల్ బిగించారనుకోండి. అంచు వేగం సెకనుకు 103 మీటర్లు దాటుతుంది. ఆ వీల్ పగిలితే అడ్డుకోవాల్సిన గార్డు అప్పటికే బల్ల మీద ఉంటుంది. ఈ పని ఎవరు చేస్తున్నా ఆపండి. ఎంత తొందర ఉన్నా, ఒక్క కోతకే అన్నా ఆపండి.

3. ఎన్ని పళ్లు ఉండాలి?

పక్కపక్క పళ్ల మధ్య దూరాన్ని పిచ్ అంటారు. బ్లేడు చుట్టుకొలతను పళ్ల సంఖ్యతో భాగిస్తే అది వస్తుంది. 250 మి.మీ. బ్లేడు చుట్టుకొలత 785 మి.మీ. కాబట్టి 200 పళ్లుంటే పిచ్ దాదాపు 4 మి.మీ., 100 పళ్లుంటే దాదాపు 8 మి.మీ.

హెచ్ఎస్ఎస్ బ్లేడు ఎంచుకునేటప్పుడు రెండు ప్రమాదాల మధ్య దారి వెతకాలి. పలుచని పైపు మీద పళ్లు దూరదూరంగా ఉంటే, గోడ రెండు పళ్ల మధ్య సందులోకి దిగి పన్నును విరిచేస్తుంది. లావు కడ్డీ మీద పళ్లు దగ్గరదగ్గరగా ఉంటే, కోసిన రజను పళ్ల మధ్య గుంటలో పట్టక ఇరుక్కుపోతుంది. ఆపై పన్ను లోహాన్ని కోయడం మాని, ఇరుక్కున్న రజనుతో రుద్దుతుంది. రెండు మి.మీ. గోడ ఉన్న పైపుకు 4 మి.మీ. పిచ్, మూడు మి.మీ. గోడకు 5 లేదా 6, నలభై నుంచి అరవై మి.మీ. నిండు కడ్డీకి 9 లేదా 10 అనుకుని మొదలుపెడితే పెద్దగా తప్పిపోరు. ఒకే బ్లేడుతో పైపులూ కడ్డీలూ అన్నీ కోయాలనుకుంటే రెండింటికీ నష్టమే. రెండు బ్లేడ్లు ఉంచుకోవడం చివరకు చవక.

విడియా బ్లేడు దగ్గర ఈ లెక్క వేరు. 355 మి.మీ. బ్లేడుకు 72 పళ్లుంటే పిచ్ 15 మి.మీ. దాటుతుంది. అయినా పలుచని పైపు మీద పన్ను విరగదు. వేగం అంత ఎక్కువ కాబట్టి ఒక్కో పన్ను కొరికే మందం చాలా స్వల్పం. ఇక్కడ కూడా పలుచని సామగ్రికి 90 పళ్లది, మందమైన దానికి 66 లేదా 72 పళ్లది మేలు.

బ్లేడు వ్యాసం విషయంలో ఒక్క మాట. పని జరిగేంతలో చిన్న బ్లేడునే ఎంచుకోండి. చిన్నది బిగువుగా ఉంటుంది, తక్కువ ఊగుతుంది, కోత నిటారుగా వస్తుంది.

4. ఏ లోహానికి ఏ జాగ్రత్త

మైల్డ్ స్టీల్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పై లెక్కలు ఎక్కువగా దాని కోసమే.

స్టెయిన్‌లెస్ స్టీల్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రుద్దిన చోట అది గట్టిపడే లోహం. బ్లేడును మెల్లగా ఆనించి తడబడితే, పళ్లు ఆనిన పొర గట్టిపడి తరువాతి పన్నును మొద్దుబారుస్తుంది. అందువల్ల వేగం తక్కువ, ఒత్తిడి మాత్రం నిలకడగా ఉండాలి. కోత మధ్యలో ఆగి ఆలోచించకండి. హెచ్ఎస్ఎస్‌లో కోబాల్ట్ కలిసిన ఎం35 రకం దీనికి బాగా నిలుస్తుంది. కటింగ్ వీల్ అయితే 'ఐనాక్స్' (అంటే స్టెయిన్‌లెస్) అని రాసి ఉన్నదే వాడండి. అందులో ఇనుము, గంధకం, క్లోరిన్ దాదాపుగా ఉండవు. మామూలు వీల్ వాడితే ఆ ఇనుప రేణువులు కోసిన అంచులో దిగబడి, కొన్నాళ్లకు స్టెయిన్‌లెస్ మీదే తుప్పు మరకలు కనిపిస్తాయి.

అల్యూమినియం మెత్తనిదే కానీ పళ్లకు అంటుకుంటుంది. కొంచెం మైనం గానీ కోత నూనె గానీ రాస్తే అంటుకోదు. చెక్క కోసే బ్లేడు పళ్లు బాగా ముందుకు వాలి ఉంటాయి కాబట్టి, అవి అల్యూమినియం ముక్కను కొక్కెంలా లాక్కుంటాయి. అల్యూమినియం సెక్షన్లకు పళ్లు కొద్దిగా వెనక్కి వాలిన, ఒక పన్ను ఎత్తుగా ఒక పన్ను చదునుగా మారిమారి వచ్చే బ్లేడు అడిగి తీసుకోండి. ఉక్కు కోసే మామూలు కటింగ్ వీల్‌ను అల్యూమినియానికి వాడవద్దు. రేణువుల సందులు లోహంతో పూడిపోయి, వీల్ వేడెక్కి పగలవచ్చు.

ఇత్తడి పన్నును లోపలికి లాక్కుంటుంది. దానికి వాలు లేని పళ్లు కావాలి. పోత ఇనుమును పొడిగానే కోస్తారు. దాని రజను పొడిపొడిగా రాలడం దాని స్వభావం.

5. కటింగ్ వీల్ మీద రాతలు

'ఎ 60 టి బిఎఫ్' లాంటి రాత ప్రతి వీల్ మీదా ఉంటుంది. మొదటి అక్షరం రేణువు రకం. 'ఎ' అంటే అల్యూమినియం ఆక్సైడ్, 'సి' అంటే సిలికాన్ కార్బైడ్. అంకె రేణువు పరిమాణం. అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. తరువాతి అక్షరం బంధం గట్టిదనం. గట్టి లోహానికి మెత్తని బంధం కావాలి. రేణువులు త్వరగా మొద్దుబారుతాయి కాబట్టి అవి త్వరగా రాలి, కొత్తవి రావాలి. 'బిఎఫ్' అంటే గాజునారతో బలపరిచిన రెసిన్ బంధం.

నడిమి రంధ్రం చుట్టూ ఉన్న లోహపు ఉంగరం మీద నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. అది గడువు తేదీ. సాధారణంగా తయారైన మూడేళ్లకు ముగుస్తుంది. రెసిన్ తేమను పీల్చుకుని బలహీనపడుతుంది. కొత్తగా కనిపించినా గడువు దాటిన వీల్‌ను విరిచి పారేయండి. పక్కన పెడితే మరొకరు తీసి బిగిస్తారు.

6. బిగించే పద్ధతి

ముందు కరెంటు ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే సరిపోదు.

పాత బ్లేడు తీశాక బ్లేడును రెండు వైపులా నొక్కి పట్టే ఫ్లాంజులనూ, బ్లేడును తిప్పే ఇరుసు (స్పిండిల్) భుజాన్నీ గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఫ్లాంజ్ కింద నలిగిన ఒక్క రజను ముక్క బ్లేడును పక్కకు వంచుతుంది. కొత్త బ్లేడు మొదటి రోజే ఊగుతోందని విసుక్కున్న సందర్భాల్లో, నేను విప్పి చూసినప్పుడల్లా దాదాపు ప్రతిసారీ అక్కడే దొరికింది కారణం. నడిమి రంధ్రం స్పిండిల్‌కు సరిగ్గా సరిపోవాలి. కాగితం చుట్టి, టేపు వేసి వదులు తీర్చకూడదు.

బాణం గుర్తు తిరిగే దిశకు ఉండేలా బ్లేడు పెట్టండి. కోల్డ్ సాలో బ్లేడును లాగే పిన్నులుంటాయి. నట్ బిగించే ముందు బ్లేడును చేత్తో తిరిగే దిశకు ఎదురుగా నెట్టి, పిన్నులకు ఆనించండి. ఆ వదులు ముందే తీరకపోతే మొదటి పన్ను లోహాన్ని తాకగానే బ్లేడు ఒక్కసారిగా వెనక్కి కదిలి పన్ను విరుగుతుంది. నట్‌కు యంత్రంతో వచ్చిన స్పానర్ చాలు. దానికి పైపు తగిలించి బలంగా లాగితే ఫ్లాంజ్ వంగుతుంది.

చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. డయల్ గేజ్ (సన్నని ఊపును కొలిచే పరికరం) ఉంటే పళ్లకు కాస్త కిందుగా ఆనించండి. ఊపు 0.1 మి.మీ. చుట్టుపక్కల ఉంటే మంచిదే. కటింగ్ వీల్ అయితే గార్డు మూసి, పక్కకు నిలబడి, ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. లోపమున్న వీల్ చాలావరకు ఆ నిమిషంలోనే బయటపడుతుంది.

7. ముక్కను పట్టించడం

పళ్లు విరిగిన కేసులు నేను చూసినవాటిలో ఎక్కువ భాగం బ్లేడు నాణ్యత వల్ల కాదు, ముక్క కదలడం వల్ల. కోత మధ్యలో మిల్లీమీటరులో సగం కదిలినా చాలు. ముక్కను బిగించి పట్టే వైస్ దవడల్లో అది పూర్తిగా ఆనాలి. చేత్తో గుంజి చూసి, కదలలేదని తెలిశాకే స్విచ్ ముట్టుకోండి.

ఏ ఆకారాన్ని ఎలా పెట్టాలన్నదానికి ఒకటే సూత్రం. ఏ క్షణంలోనైనా బ్లేడు తాకే లోహం తక్కువగా, కోత పొడవునా దాదాపు సమానంగా ఉండాలి. యాంగిల్‌ను ఇంటి పైకప్పులా, మొన పైకి ఉండేలా పెట్టండి. అప్పుడు రెండు రెక్కలూ ఏటవాలుగా, కొద్దికొద్దిగా తెగుతాయి. ఒక రెక్క చదునుగా పడుకోబెడితే చివర్లో బ్లేడు ఒక్కసారిగా వెడల్పు లోహం మీద పడి ఆగిపోతుంది. పట్టీని పడుకోబెట్టకుండా, వైస్ గట్టిగా పట్టగలిగితే నిలబెట్టి కోయండి. చదరపు పైపును ఓరగా పట్టే దవడలుంటే మూల మీద నిలబెట్టవచ్చు. అప్పుడు మొదటి తాకిడి చాలా మెత్తగా ఉండాలి.

తెగి పడే ముక్క స్వేచ్ఛగా పక్కకు జరగాలి. రెండు వైపులా బిగిస్తే తెగిన క్షణంలో ముక్కలు బ్లేడును నొక్కుతాయి. పొడవాటి కడ్డీని రెండు చివర్లా ఆధారాల మీద పెట్టి గ్రైండర్‌తో మధ్యలో కోస్తే ఇదే జరుగుతుంది. కడ్డీ కిందికి వంగుతుంది, పైన కోత మూసుకుంటుంది, వీల్ ఇరుక్కుంటుంది, గ్రైండర్ చేతిలోంచి వెనక్కి తన్నుతుంది. ఆధారానికి బయటివైపు కోయండి. బరువుతో ముక్క కిందికి వాలినప్పుడు కోత తెరుచుకుంటుంది.

8. కోత

బ్లేడు పూర్తి వేగానికి వచ్చాకే ముక్కను తాకించండి. మొదటి తాకిడి మెల్లగా, పళ్లు లోహంలో కుదురుకున్నాక ఒత్తిడి నిలకడగా, చివరి కొన్ని మిల్లీమీటర్లలో మళ్లీ మెల్లగా. చేయి చెప్పే మాట వినండి. మోటారు శబ్దం బరువెక్కుతుంటే ఒత్తిడి ఎక్కువైంది. బ్లేడు కీచుమంటే లోహాన్ని కోయకుండా రుద్దుతోంది.

హెచ్ఎస్ఎస్‌లో ఎంత నెట్టాలో లెక్క కూడా వేసుకోవచ్చు. ఉక్కులో ఒక్కో పన్ను 0.03 మి.మీ. కొరకాలనుకుంటే, 160 పళ్ల బ్లేడు 38 ఆర్‌పీఎంలో నిమిషానికి దాదాపు 180 మి.మీ. ముందుకు సాగాలి. అంటే సెకనుకు మూడు మి.మీ. ఈ అంకె ఒకసారి చేతికి అలవాటైతే ఇక లెక్క అక్కరలేదు.

కొత్త బ్లేడుతో మొదటి పది, పదిహేను కోతలకు సగం ఒత్తిడే పెట్టండి. సాన పట్టిన అంచు కంటికి కనిపించనంత పదునైన గరుకుతో ఉంటుంది. అది మెల్లగా అణిగితే బ్లేడు చాలాకాలం నిలుస్తుంది. మొదటి కోతలోనే బలంగా నెడితే ఆ అంచు చిట్లిపోతుంది.

కూలెంట్ కలిపేటప్పుడు నీటిలో నూనె పోయాలి, నూనెలో నీరు పోయకూడదు. పాళ్లు 5 నుంచి 10 శాతం. పొడిగా కోసే విడియా బ్లేడుకు కూలెంట్ వద్దు. వేడెక్కిన పన్ను మీద నీళ్లు పడితే చిట్లే ప్రమాదముంది. ఆ యంత్రాలకు విద్యుత్ రక్షణ కూడా తడికి తగినట్లు ఉండదు.

చేతి గ్రైండర్‌తో కోసేటప్పుడు గీత నిటారుగా ఉండాలి. మధ్యలో వంపు తిప్పకండి. కోసే వీల్ పక్క ముఖంతో అంచులు రుద్దడం అసలే వద్దు. ఒక మి.మీ. మందమున్న చక్రం పక్కనుంచి వచ్చే ఒత్తిడికి నిలవదు.

9. రజను చెప్పే సంగతి

కోత అయ్యాక నేను ముందు చూసేది ముక్కను కాదు, కింద రాలిన రజనును. మైల్డ్ స్టీల్ మీద హెచ్ఎస్ఎస్ సరిగ్గా నడిస్తే వెండి రంగులో, తొమ్మిది అంకెలా చుట్టుకున్న చిన్న చుట్టలు రాలతాయి. అవి నీలం తిరిగితే వేగం ఎక్కువైంది లేదా కూలెంట్ చేరాల్సిన చోటికి చేరడం లేదు. పిండిలా రాలితే ఒత్తిడి చాలడం లేదు లేదా పళ్లు మొద్దుబారాయి. మందంగా, చిరిగినట్లు ఉండి బ్లేడు దడదడలాడితే నెట్టుడు ఎక్కువైంది. ముక్క అంచున మిగిలే పదునైన గరుకు (బర్రు) రోజురోజుకూ పెరుగుతుంటే సాన వేళ దగ్గరపడింది. కోత ఒక పక్కకు వాలిపోతుంటే ఒక వైపు పళ్లే ముందు అరిగాయని అర్థం.

10. ఒంటిమీద, చుట్టుపక్కల

కళ్లద్దాలు ఎప్పుడూ ఉండాలి. కటింగ్ వీల్ దగ్గర వాటి మీద ముఖ కవచం కూడా వేసుకోండి. చెవులకు రక్షణ పెట్టుకోండి. తిరిగే బ్లేడు యంత్రం దగ్గర వదులు చొక్కా, మెడలో గొలుసు, చేతి తొడుగులు వద్దు. తొడుగు అంచును పన్ను పట్టుకుంటే చేయి కూడా దానితో పోతుంది. బ్లేడు ఆగాక పదునైన ముక్కలు తీయడానికి తొడుగులు వేసుకోండి. చేతి గ్రైండర్ దగ్గర మాత్రం నిప్పురవ్వలకు బిగుతైన తోలు తొడుగులు అవసరం. వీల్ తిరిగే తలానికి సూటిగా మీ శరీరం ఉండకుండా నిలబడండి.

రవ్వలు చాలా దూరం పోతాయి. చుట్టూ 11 మీటర్ల మేర కాగితం, గుడ్డ, నూనె, రంగు డబ్బాలు లేకుండా చూడండి. పని ముగిశాక కనీసం అరగంట, వీలైతే గంట ఆ చోటును కనిపెట్టుకుని ఉండండి. లోలోపల రాజుకునే నిప్పు మంటగా బయటపడడానికి అంత సమయం పట్టవచ్చు. పెట్రోలు, డీజిల్, థిన్నర్ పోసిన డ్రమ్మును ఖాళీ అయిందని కోయకండి. ద్రవం పోయినా ఆవిరి ఉంటుంది, ఆ ఆవిరే పేలుతుంది.

జింకు పూత ఉన్న ఉక్కును కటింగ్ వీల్‌తో కోస్తే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది. స్టెయిన్‌లెస్ దుమ్ములో ప్రమాదకరమైన క్రోమియం సమ్మేళనాలు ఉండవచ్చు. గాలి ఆడే చోట, తగిన మాస్కుతో కోయండి. అల్యూమినియం పొడినీ ఇనుప రవ్వల దుమ్మునూ ఒకే సంచిలోకి పోనివ్వకండి. అల్యూమినియం పొడి, తుప్పు కలిసి నిప్పు తగిలితే ఆర్పలేని వేడితో మండుతాయి. మెగ్నీషియం రజను అంటుకుంటే నీళ్లు పోయవద్దు, పొడి ఇసుక కప్పండి.

11. సాన, నిల్వ

మొద్దుబారిన బ్లేడుతో ఇంకో నాలుగు కోతలు లాగేద్దామన్న ఆశకు లొంగకండి. పన్ను కొద్దిగా అరిగినప్పుడే ఇస్తే సాన పట్టేవారు కొంచెమే తీస్తారు. విరిగేదాకా వాడితే అన్ని పళ్లనూ ఆ విరిగిన దాని లోతుకు దించాలి. వేళకు ఇస్తే హెచ్ఎస్ఎస్ బ్లేడుకు ఎన్నో సార్లు సాన పట్టవచ్చు. ప్రతిసారీ వ్యాసం తగ్గుతుంది కాబట్టి కొత్త కొలత బ్లేడు మీదే రాయించుకుని, ఆర్‌పీఎం లెక్క మళ్లీ వేయండి.

విడియా బ్లేడు కింద పడితే, ఏమీ కాలేదనిపించినా, భూతద్దంతో ప్రతి పన్నూ చూడండి. ఒకటి పోయినా వాడకండి. దాని వెనుక పన్ను రెండింతల బరువు మోసి, అదీ పోతుంది.

పళ్ల బ్లేడ్లను నూనె రాసి, విడివిడిగా వేలాడదీయండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే పళ్లు పళ్లను కొరుకుతాయి. కటింగ్ వీల్స్‌ను చదునైన పొడి అరలో పడుకోబెట్టండి. కూలెంట్ చిమ్మే యంత్రానికి దూరంగా, గడువు దగ్గరున్నవి పైన ఉండేలా సర్దండి.